మైకమ్మ పిలుపు

మైకమ్మ పిలిస్తే కదిలిపోతున్న బస్సులు కూడా ఆగేవి. అలాంటి మైకమ్మ పిలిస్తే సొంత మనవడు తల తిప్పడు. ఏడాది నిండి బుడిబుడి అడుగులు వేస్తున్న పిల్లాడు, ముద్దుగా పిలిచినా అంతే, కసిరినా అంతే, ఉలుకూ లేదు, పలుకూ లేదు. కోడలు ఎదురుగా వచ్చి వేళ్ళు ఆడిస్తే మాత్రం మొహం చాటంత చేసుకుని ఒళ్ళోకి దూకుతాడు. ఏ నానమ్మకైనా కడుపు మండదా మరి.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. బస్టాండులో అనౌన్సరుగా చేరిన రోజు నుంచి ఆమె మైకమ్మే, రిటైరయ్యాకా మైకమ్మే. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి సంచీ పోయిందో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఏడుస్తున్నాడో, అన్నీ ఆ గొంతులోంచే ఊరికి తెలిసేవి. బస్సు తప్పిపోయి లబోదిబోమంటూ కాబిన్ దగ్గరికొచ్చినవాళ్ళను ఆమె ఒకే మాటతో పంపేసేది: "మూడుసార్లు చెప్పాను, వినపడలేదా?" ఆ మాటకు జవాబు చెప్పగలిగిన ప్రయాణికుడు ఇంకా పుట్టలేదు.

ఆ ఉద్యోగం ఆమెకు గొంతు ఇచ్చింది, చేతులు తీసేసుకుంది. మైకు ముందు కూర్చున్న మనిషి చేతులు కదపకూడదు. గాజు గలగలమన్నా, కాగితం రెపరెపలాడినా మైకు ఊరుకోదు, ఆ చప్పుడుని పదింతలు చేసి స్టాండంతా చాటేస్తుంది. చేరిన కొత్తలో ఓసారి ఆమె గాజులు మోగి, ఆ మోతలో ప్లాట్‌ఫారం నంబరు కొట్టుకుపోయి, పెళ్ళివాళ్ళ గుంపొకటి వేరే ఊరి బస్సెక్కేసింది. ఆ రోజు డిపో మేనేజరు పెట్టిన చీవాట్లకు ఆమె రెండు చేతులూ ఒళ్ళో ముడిచి పెట్టుకుంది, మళ్ళీ విప్పలేదు. ఇంట్లో తిట్టినా, నవ్వినా, కబుర్లు చెప్పినా చేతులు ఒళ్ళోనే. "మా అమ్మ మాట్లాడుతుంటే రేడియో చూస్తున్నట్టుంటుంది" అనేవాడు కొడుకు.

మనవడికి బొంగరం అని పేరు పెట్టింది ఆమే. కూర్చున్నచోటే గిరగిరా తిరిగేవాడు. వాడు పసిగుడ్డుగా ఉన్నప్పుడు నానమ్మ గొంతు వినపడితే చాలు, ఏడుపు ఆపి కళ్ళు అటు తిప్పేవాడు. ఆమె గదిలోంచి ఒక్క కూనిరాగం తీస్తే ఉయ్యాల్లో కాళ్ళు టపటపా కొట్టేవాడు. ఇది ఆమె కట్టిన కథ కాదు, అందరూ చూసిందే. ఆ తర్వాత వాడికి పెద్ద జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో పెట్టారు. ఆ జ్వరం మెదడు దాకా వెళ్ళిందని డాక్టరు చెప్పినప్పుడు ఇంటిల్లిపాదికీ పైప్రాణాలు పైనే పోయాయి. ప్రాణానికి భయం లేదని తేలి వాణ్ణి ఇంటికి తెచ్చుకున్న రోజు ముగ్గురూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు.

అదిగో, ఆ తర్వాతే కోడలికి సైగల పిచ్చి పట్టుకుంది. ఆ అమ్మాయి కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. అద్దాలకొచ్చిన ఒక తల్లి, తన పది నెలల పాప పాలు కావాలని చేత్తో అడుగుతుందని చెప్పిందట. ఇంకేముంది, శనివారం శనివారం అపార్టుమెంట్ల కింద హాల్లో జరిగే క్లాసుకి బొంగరాన్ని చంకనేసుకుని బయల్దేరింది. నేలమీద చాపలు పరిచి, మాటలు రాని పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక టీచరమ్మ చేతులు ఆడిస్తుంది. గుప్పిట మూసి తెరిస్తే పాలు. రెండు చేతుల వేళ్ళ కొసలు కలిపి తడితే ఇంకా కావాలి. అరచేతులు అటూ ఇటూ తిప్పేస్తే అయిపోయింది. రెండు వేళ్ళు ముక్కులా చేసి నోటి దగ్గర పెడితే పిట్ట.

మైకమ్మ ముక్కున వేలేసుకుందామనుకుంది గానీ చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. నోరున్న పిల్లాడికి మూగసైగలేమిటి, మాటలు రావలసిన నోటికి తాళమేసి చేతులకు తాళంచెవి ఇస్తారా అని ఇల్లు అదిరిపోయేలా అడిగింది. పిల్లలకు నాలుక కంటే ముందు చెయ్యి స్వాధీనంలోకి వస్తుందనీ, కావలసింది చెప్పుకోగలిగితే ఏడుపు తగ్గుతుందనీ, సైగలొచ్చినంత మాత్రాన మాటలు ఆగిపోవనీ కోడలు ఓపిగ్గా చెప్పింది. కొడుకు ఎప్పటిలాగే ఎటూ చెప్పకుండా ఫ్రిజ్ బాగుచేసే పనుందని వెళ్ళిపోయాడు. అతనికి ఇంట్లో గొడవైన రోజున ఊళ్ళో ఫ్రిజ్‌లన్నీ పాడైపోతాయి.

చెప్పొద్దూ, సైగలు మాత్రం బొంగరానికి నీళ్ళ ప్రాయంగా వచ్చేశాయి. మిగతా పిల్లలు చాప పీకుతూ, ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు లాగుతూ ఉంటే వీడు మాత్రం టీచరమ్మ చేతుల మీంచి చూపు తిప్పేవాడు కాదు. ఇంత శ్రద్ధ ఉన్న పిల్లాణ్ణి తన సర్వీసులో చూడలేదని ఆవిడ అందరి ముందూ మెచ్చుకుంది. కోడలు పొంగిపోయింది. కొడుకు కూడా రెండు సైగలు నేర్చుకుని, పని నుంచి రాగానే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేవాడు, వీడు పరుగెత్తుకెళ్ళి కాళ్ళకు చుట్టుకునేవాడు. వాడు చూడకపోతే కొడుకు చెక్కనేల మీద కాలితో దబ్బుమని తన్నేవాడు, వెంటనే పిల్లాడు చటుక్కున తిరిగేవాడు. ఇంట్లో మిక్సీ తిరిగినా, పక్కింట్లో గోడకు డ్రిల్లింగ్ చేసినా వాడు నిద్ర లేచేవాడు కాదు. బంగారం లాంటి నిద్ర అని మురిసిపోయారు.

ఇంట్లో ఇద్దరూ మాటతోపాటు చెయ్యి కదిపి పిలిచేవాళ్ళు. ఒట్టి నోటితో పిలిచేది మైకమ్మ ఒక్కతే. వాడు ఇద్దరికీ పలికాడు, మైకమ్మకు పలకలేదు. లెక్క ఆమెకు చక్కగా కుదిరింది. సైగల క్లాసు మొదలైన దగ్గర్నుంచే వాడు తన గొంతుకు తిరగడం మానేశాడు, కాబట్టి తప్పు క్లాసుది. క్లాసు పెట్టించింది కోడలు, కాబట్టి తప్పు కోడలిది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి సాక్ష్యాలు వెతుక్కోవడం ఎంతసేపు. "మాటే విననివాడికి నేను పాటలు పాడుతున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని" అని ఓ రోజు భోజనాల దగ్గర విసురుగా అనేసింది. కొడుకు నవ్వాడు. కోడలు మూతి ముడుచుకుంది. "మీరు కూడా రెండు సైగలు నేర్చుకోండి అత్తయ్యా, మీకూ పలుకుతాడు" అంది. నా నోరు పడిపోయిన రోజున నేర్చుకుంటానని మైకమ్మ ఒట్టేసుకుంది.

అలాగని వాణ్ణి ఎత్తుకోకుండా ఉండగలదా. ఎత్తుకునేది, గుండెకు హత్తుకుని పాడేది. గొంతు సవరించుకుని రాగం అందుకోగానే వాడు చిన్న అరచెయ్యి ఆమె గుండె మీద ఆనించి, చెయ్యి బిగబట్టి అలా ఉండిపోయేవాడు. చూశావా, తోసేస్తున్నాడని ఆమె మనసు చివుక్కుమనేది. పాట మధ్యలో ఆపేసి దించేసేది. దించగానే వాడు మొహం ముడుచుకునేవాడు. అది కూడా తన మీద కోపమేననుకుంది.

వాడికి ఇంకో కొత్త అలవాటు మొదలైంది. ఉన్నట్టుండి అరచేత్తో తన ఛాతీ మీద తానే టపటపా తట్టుకునేవాడు. టీచరమ్మ నేర్పినవాటిలో అలాంటిది లేదు. కఫం పట్టిందేమోనని కోడలికి భయం, జ్వరం చూసిన ఇల్లు కదా. "ఇదిగో, మళ్ళీ తట్టుకుంటున్నాడు, ఆ బామ్ తీసుకొచ్చి రాయి" అని మైకమ్మే తన గదిలోంచి కేకేసేది. బామ్ రాసేవాళ్ళు, సిరప్ పోసేవాళ్ళు. వాడు గింజుకుని, చెయ్యి తోసేసి, మళ్ళీ తట్టుకునేవాడు. పిల్లల డాక్టరు గొట్టం పెట్టి చూసి ఛాతీ శుభ్రంగా ఉందన్నాడు. ఏదో ఆటలే అని వదిలేశారు, బామ్ మాత్రం వదల్లేదు.

ఇలా ఉండగా బస్టాండు నుంచి ఫోనొచ్చింది. మైకమ్మ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయిని స్టాండులో అందరూ కొత్త గొంతు అంటారు. మైకమ్మ చేతిలో పని నేర్చుకున్న పిల్లే. హాల్లో కొత్త స్పీకర్లు బిగించారనీ, వాటిల్లో మొదటి మాట మేడం గొంతులోంచే రావాలని డ్రైవర్లూ కండక్టర్లూ పట్టుబడుతున్నారనీ చెప్పింది. మైకమ్మకు ఏనుగెక్కినంత సంబరం. అంతకంటే ముఖ్యంగా ఆమె మనసులో ఒక పంతం లేచింది. ఇంట్లో గొంతుకు పలకనివాడు మైకులో పిలిస్తే ఎలా పలకడో చూస్తాననుకుంది. కోడలికి సెలవు రోజు చూసుకుని, బొంగరాన్నీ వెంటబెట్టుకుని ముగ్గురూ వెళ్ళారు.

బస్టాండు మారలేదు. అదే డీజిల్ వాసన, అవే చల్లటి ఇనుప బెంచీలు, తడి గుడ్డతో నేల తుడుస్తూ జనం కాళ్ళు ఎత్తించే ఆయా. మారింది స్పీకర్లే, ప్రతి స్తంభానికీ నల్లగా ఒకటి. కోడలు ఒక స్తంభం పక్క బెంచీ మీద కూర్చుంది. బొంగరం పక్కనే నిలబడి, బస్సుల వైపు తిరిగి, బిస్కెట్ నములుతున్నాడు. సరిగ్గా వాడి తలమీద స్పీకరు. కాబిన్ అద్దంలోంచి మైకమ్మకు వాడి వీపూ, రెండు చెవులూ కనిపిస్తున్నాయి.

ఆమె కుర్చీలో సర్దుకుని, చేతులు ఒళ్ళో ముడిచి, మైకు వైపు మొహం వంచింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్న ఒక్క మాటకే హాల్లో తలలు లేచాయి. పాత కండక్టరు ఒకాయన టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రెండు బస్సుల సంగతి చెప్పి, గొంతు కాస్త తగ్గించి, ముద్దు కలిపి పిలిచింది. "బొంగరం. ఒరే బొంగరం. నానమ్మనిరా. ఇటు చూడు."

స్టాండంతా చూసింది. పేపరు చదువుతున్న ముసలాయన చూశాడు. సీటు కోసం కీచులాడుకుంటున్న ఇద్దరు ఆపేసి చూశారు. ఎవరీ బొంగరం అని జనం నవ్వుతూ చుట్టూ వెతికారు. కోడలు కూడా తలెత్తి నవ్వింది. బొంగరం ఒక్కడే చూడలేదు. బిస్కెట్ ఇంకో కొరుకు కొరికాడు.

సౌండు చాలలేదేమో మేడం అంటూ కొత్త గొంతు పక్కనున్న మిషన్ మీద మీట తిప్పింది. కొత్త మిషన్, చెయ్యి అలవాటు లేదు. స్పీకర్లన్నీ ఒక్కసారి కీచుమని గోల పెట్టాయి. చెవుల్లో సూది గుచ్చినట్టు కీచుమని మోత. హాల్లో ఉన్నవాళ్ళందరి చేతులూ చెవుల మీదికి వెళ్ళాయి. ఎక్కడో ఒక పసిపాప కెవ్వుమంది. ఆయా చేతిలోంచి బకెట్ జారిపోయింది. ఇనుప దూలాల మీది పావురాలన్నీ గుంపుగా లేచాయి. కోడలు రెండు చెవులూ గట్టిగా మూసుకుని, మొహం చిట్లించి, పిల్లాడి వైపు చూసింది.

బొంగరం తలెత్తి ఎగురుతున్న పావురాల్ని చూశాడు. కళ్ళు మెరిశాయి. రెండు వేళ్ళు ముక్కులా కలిపి నోటి దగ్గర పెట్టి, పిట్ట, అని చక్కగా సైగ చేశాడు.

కోడలి చేతులు చెవుల మీంచి మెల్లగా కిందికి జారాయి. మోత ఆగిపోయింది, ఆమె మొహం మాత్రం చిట్లించిన చోటే ఆగిపోయింది. లేచి వాడి వెనక్కి వెళ్ళింది. చేతులు కట్టుకుని, వాడి నిజం పేరుతో పిలిచింది. మళ్ళీ పిలిచింది. వాడి చెవి పక్కన గట్టిగా చప్పట్లు కొట్టింది. వాడు పావురాల్ని చూస్తూనే ఉన్నాడు. అప్పుడు ఆమె అద్దం వైపు తిరిగింది. అత్తా కోడళ్ళ చూపులు కలిశాయి. వాళ్ళిద్దరూ ఒకరి మనసు ఒకరు అంత స్పష్టంగా ఎప్పుడూ చదువుకోలేదు.

అన్నేళ్ళుగా ఒళ్ళో ముడిచి ఉన్న మైకమ్మ చెయ్యి తనంతట తానే లేచి నోటికి అడ్డం పడింది. మైకు ఇంకా తెరిచే ఉంది. గాజుల గలగల, వెనకే ఆమె గొంతులో చిక్కుకున్న అయ్యో అన్న మాట, రెండూ స్టాండంతా వినిపించాయి. జనం నవ్వులు ఆగిపోయాయి. కొత్త గొంతు ఏమైంది మేడం అంటోంది. వాడికి అవేవీ వినపడలేదు.

చెవుల డాక్టరు దగ్గర గదికి గోడలన్నీ మెత్తలే. వాడి తలకు తీగలు అంటించి పడుకోబెట్టి, పక్క గదిలో తెర మీద గీతలు చూశారు. గీతలు లేవవలసిన చోట లేవలేదు. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది, రెండు చెవులూ పనిచేయట్లేదని, అప్పటి జ్వరం వల్లేనని. కొడుకు ఇంకోసారి పరీక్ష చేయమన్నాడు. చేశారు. ఇంకోసారి చేయమని అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

"జ్వరం తగ్గాక చెవులకు పరీక్ష చేయించమని అక్కడ చెప్పలేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

అక్కడ చెప్పకేం, చెప్పారు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజున ఆ డాక్టరు పది విషయాలు చెప్పాడు. ఫలానా మందు, ఫలానా జాగ్రత్త, ఓసారి చెవులు కూడా చూపించండి. ప్రాణానికి భయం లేదన్న ఒక్క మాటే వీళ్ళకు వినపడింది, మిగతావన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు. మైకమ్మ అక్కడే ఉంది, పిల్లాణ్ణి ఎత్తుకుని. జీవితమంతా వినిపించుకోనివాళ్ళను దులిపేసిన మనిషి, వినవలసిన ఒక్కనాడు వినలేదు.

ఇన్నాళ్ళూ ఎలా తెలియలేదని డాక్టరమ్మ అడగలేదు, కోడలే చెప్పుకుంది. "నేను చేతులు కదిపి పిలిచినప్పుడల్లా పలికాడు డాక్టర్. నా మాటకే పలుకుతున్నాడనుకున్నాను. నేను రోజూ కళ్ళు పరీక్ష చేస్తాను. వాడు కళ్ళతో వింటున్నాడని నాకే తెలియలేదు" అంటూ ఏడ్చేసింది. డాక్టరమ్మ ఆమె భుజం పట్టుకుని, ఆ సైగలే లేకపోతే వీడు ఇన్నాళ్ళూ ఒంటరైపోయేవాడని, వీడికి భాష ఆగలేదని, చేతుల్లోంచి వచ్చిందని చెప్పింది. ఆపరేషన్ ఉందని, మిషన్లు ఉన్నాయని, ఆ దారులన్నీ చూద్దామని, సైగలు మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దని గట్టిగా చెప్పి పంపింది.

ఇంటికొచ్చాక కొడుకు చేసిన పని చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. పిల్లాడి వెనక నిలబడి స్టీలు పళ్ళెం గోడకేసి కొట్టాడు. వాడు తిరగలేదు. తర్వాత చెక్కనేల మీద కాలితో తన్నాడు. వాడు చటుక్కున తిరిగి నవ్వాడు. వాడు ఇన్నాళ్ళూ పాదాలతో విన్నాడని అతనికి అప్పుడు తెలిసింది.

మైకమ్మ గొంతు మాత్రం ఆ రోజుతో పడిపోయింది. జబ్బు కాదు, ఆమే మాట్లాడటం మానేసింది. చెవిటివాడి ముందు శంఖం అని తను అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా నోరు కాల్చుకోవాలనిపించేది. ఈ ఇంట్లో వాడు తన మాట వినట్లేదని కనిపెట్టింది తనొక్కతే. కనిపెట్టి ఏం చేసింది, ఏడాది నిండిన పిల్లాడి మీద అలిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్న ఆలోచన రాలేదు, కోడల్ని సాధించాలన్న ఆలోచన మాత్రం రోజూ వచ్చింది. ఎవరు పలకరించినా తల ఊపి ఊరుకునేది. వాణ్ణి ఎత్తుకోవడం కూడా మానేసింది. పాడటానికి తప్ప ఎత్తుకోవడం ఆమెకు చేతకాదు, పాడితే ఎవరికోసం. ఎప్పుడూ రచ్చబండలా ఉండే ఇల్లు బోసిపోయింది. కోడలు కూడా తల్లడిల్లింది. ఆ గొంతుతో అన్నాళ్ళు పోట్లాడిన మనిషికి ఆ గొంతు లేని వంటగది భరించరానిదైంది.

ఆ రోజుల్లోనే బొంగరం ఛాతీ మీద తట్టుకోవడం ఎక్కువైంది. పొద్దున లేస్తే తట్టుకోవడం, పాలు తాగుతూ తట్టుకోవడం. ఓ ఉదయం హాల్లో నిలబడి అదే పనిగా తట్టుకుంటుంటే కోడలు అలవాటుగా బామ్ డబ్బా తీసుకొచ్చింది. వాడు డబ్బా లాక్కుని విసిరేశాడు. విసిరేసి, కిటికీ దగ్గర కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మైకమ్మ దగ్గరికి తప్పటడుగులతో వెళ్ళాడు. మోకాళ్ళు పట్టుకుని ఎగబాకి ఒళ్ళోకెక్కాడు. అరచెయ్యి ఆమె గుండె మీద ఆనించి, చెయ్యి బిగబట్టాడు.

మళ్ళీ తోసేస్తున్నాడనుకుంది మైకమ్మ. తోసెయ్యరా, నాకు తగిన శాస్తే అనుకుంటూ ఆ చెయ్యి మెల్లగా తీయబోయింది. అది తోయట్లేదు. అంటుకుని ఉంది. వాడు ఆమె నోటి వైపే చూస్తూ ఎదురుచూస్తున్నాడు.

"ఏంట్రా?" అంది, ఇన్నాళ్ళకు మొదటి మాట.

వాడి కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె ఆగింది. వాడు అరచేత్తో ఆమె గుండె మీద ఒక్కటి తట్టి మళ్ళీ ఆనించాడు. మైకమ్మ ఏం మాట్లాడాలో తోచక, నోటికి అలవాటైనదే అందుకుంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంది, కడుపులోంచి, స్టాండు నాటి గొంతుతో. ఆ గొంతు ఛాతీలో మోగుతుంది, బస్సులు ఆపిన గొంతు కదా. వాడు అరచేతిలోకి వచ్చిన ఆ మోతకు కిలకిలా నవ్వాడు. మరిన్ని బస్సుల పేర్లు చెప్పింది. ఒంటి నిండా నవ్వాడు. వాడు ఎప్పుడూ తోయలేదు. తను పాడిన ప్రతి పాటా వాడు చేత్తో పట్టుకున్నాడు, తనే మధ్యలో ఆపేసి దించేసింది.

వాడు వాళ్ళమ్మ వైపు తిరిగాడు. తన ఛాతీ మీద టపటపా తట్టుకుని, వేలితో మైకమ్మను చూపించాడు. చూపించి, అర్థమైందా అన్నట్టు మళ్ళీ తట్టుకుని, మళ్ళీ చూపించాడు.

కోడలు నేలమీద దొర్లుతున్న బామ్ డబ్బా వైపు చూసింది, పిల్లాడి వైపు చూసింది. "అత్తయ్యా" అంది. "అది కఫం కాదు. అది టీచరమ్మ నేర్పింది కూడా కాదు. వాడే కట్టుకున్నాడు. అది మీ పేరు."

ఎన్నిసార్లు తట్టుకున్నాడు వాడు. ఆమె గది గుమ్మంలో నిలబడి తట్టుకున్నాడు. ఆమె అలిగి మొహం తిప్పుకుని కూర్చున్నప్పుడు తట్టుకున్నాడు. ఆమె నోరు మూసుకున్న ఈ రోజుల్లోనైతే పొద్దస్తమానం తట్టుకున్నాడు. వాడు నానమ్మా, నానమ్మా అని పిలుస్తుంటే తను గదిలోంచి బామ్ రాయమని కేకలేసింది.

"మూడుసార్లు కాదే" అంది, కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా. "మూడొందల సార్లు పిలిచుంటాడు. ఒక్కసారి కూడా నేను తల తిప్పి చూడలేదు. చెవుడు నాదే అమ్మాయ్."

కోడలు దగ్గరికొచ్చి కుర్చీ పక్కన నేలమీద కూర్చుని అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఇద్దరూ ఏడుస్తుంటే బొంగరానికి విసుగొచ్చింది. ఒళ్ళోంచి జారి దిగి, బామ్ డబ్బా దొర్లించుకుంటూ హాలు చివరిదాకా వెళ్ళి, అటు తిరిగి కూర్చున్నాడు.

మైకమ్మ కుర్చీలోంచి లేచింది. గొంతు సవరించుకోబోయి ఆగింది. నడిచి వెళ్ళి వాడి పక్కగా, వాడి చూపు కొసకు అందేచోట నిలబడింది. చేతులు మళ్ళీ అలవాటుగా ముడుచుకోబోయాయి. కుడిచెయ్యి విడిపించుకుని, గాజులు గలగలమంటుండగా, అరచేత్తో తన గుండె మీద తట్టుకుంది.

మైకమ్మ పిలిస్తే మనవడు తల తిప్పి చూశాడు.